‘ఇప్పుడు’ ఎంతసేపు?

గతం గడిచిపోయింది, భవిష్యత్తు ఇంకా రాలేదు, కాబట్టి మనిషికి దక్కేది ‘ఇప్పుడు’ ఒక్కటే అనే మాట అందరికీ తెలిసినదే. అయితే ఆ ‘ఇప్పుడు’ ఎంతసేపు ఉంటుందని ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే జవాబు అంత సులభంగా చిక్కదు. ఈ సంవత్సరమే ‘ఇప్పుడు’ అనుకుంటే అందులో కొన్ని నెలలు అప్పటికే గతంలో కలిసిపోయి ఉంటాయి, మిగిలినవి ఇంకా రావలసి ఉంటాయి. ఈ నెల అన్నా, ఈ రోజు అన్నా, ఈ గంట అన్నా ఇదే చిక్కు ఎదురవుతుంది. కోసుకుంటూ పోతే చివరకు గతానికీ భవిష్యత్తుకూ నడుమ మందం లేని ఒక సరిహద్దు గీత మాత్రమే మిగులుతుంది. ఊళ్ల మధ్య పొలిమేర గీత మీద ఎవరూ ఇల్లు కట్టుకోలేరు. మరి మనుషులంతా కాలపు పొలిమేర మీదనే కాపురం ఉంటున్నామని ఎలా అంటున్నారు?

వాడుక భాష ఈ చిక్కును పట్టించుకోదు. భోజనానికి పిలిస్తే పక్కగదిలో కూర్చున్న చోటి నుంచి కదలకుండానే ‘వచ్చేశా’ అనడం తెలుగు ఇళ్లలో మామూలే, అంటే జరగబోయే పని జరిగిపోయిన పనిగా చలామణి అవుతుంది. ‘రేపు వస్తాడు’ అన్నప్పుడూ ‘రోజూ వస్తాడు’ అన్నప్పుడూ క్రియ ఒకటే కాగా, మూడు కాలాల్లో దేనిలోనూ ఇమడని ఈ రెండో అర్థానికి వ్యాకరణవేత్తలు ‘తద్ధర్మం’ అని వేరే పేరు పెట్టవలసి వచ్చింది. కాలాన్ని మూడు గదులుగా పంచడం మనసుకు కనిపించినంత సహజమైన పని కాదని దీనిని బట్టే అనుమానించవచ్చు.

పొద్దు నుంచి క్షణం దాకా

తెలుగులో సూర్యుడికీ కాలానికీ కలిపి పొద్దు అనే ఒకే మాట ఉంది. పొద్దు పొడవడం సూర్యుడి పని, పొద్దుపోకపోవడం మనిషి బాధ. ‘ఇప్పుడు’, ‘అప్పుడు’ అనే మాటల్లోని రెండో సగం ఈ పొద్దుకు చుట్టమేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు కాబట్టి, ‘ఇప్పుడు’ అంటే మొదట్లో ‘ఈ పొద్దు’ అనే అనుకోవాలి. అది గీత కాదు, నిడివి ఉన్నదే.

ఆ నిడివిని ముక్కలు చేసిన శాస్త్రకారుల లెక్కలు ఆసక్తికరంగా ఉంటాయి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, విఘడియకు 60 గురువక్షరాలు అనే కొలత కనిపిస్తుంది. ఈనాటి లెక్కలో ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు కాగా, ఒక గురువు పలకడానికి పట్టే కాలం సెకనులో పదింట నాలుగు వంతులు. ఛందస్సు నేర్చుకునే విద్యార్థి పద్యానికి వాడే గురువునే ఖగోళవేత్త ఆకాశానికి వాడాడు. అతడి చేతిలోని అతి సన్నని గడియారం మనిషి నాలుకే.

క్షణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏకాభిప్రాయం లేదు. భాగవతం మూడో స్కంధంలోని పట్టిక ప్రకారం మూడు రెప్పపాట్లు ఒక క్షణం కాగా, అక్కడి గుణకారాలన్నీ విప్పి చూస్తే అది దాదాపు ఒకటింపావు సెకను అవుతుంది. బౌద్ధాచార్యుడు వసుబంధుడి అభిధర్మకోశంలో రోజుకు 30 ముహూర్తాలు, ముహూర్తానికి 30 లవాలు, లవానికి 60 తత్‌క్షణాలు, తత్‌క్షణానికి 120 క్షణాలు ఉంటాయి కాబట్టి అక్కడి క్షణం సెకనులో 75వ వంతు మాత్రమే. ఒకే పేరుగల రెండు కొలతల మధ్య తేడా సుమారు 96 రెట్లు! ఇటువంటి అంకెలను చూపి ప్రాచీనులకు అణుగడియారాల రహస్యం తెలుసునని చెప్పుకోవడం ఈమధ్య ఎక్కువైంది గానీ, అది ఆ గ్రంథకర్తలకు గౌరవం కాదు. వారు క్షణాన్ని కొలవలేదు, ఆలోచనతో విభజించారు. సీజియం పరమాణువు నుంచి వెలువడే తరంగం 9,19,26,31,770 సార్లు ఊగే కాలమే ఒక సెకను అని 1967లో నిర్ణయించినవారు చేసినది కొలత. ఈ రెండూ వేర్వేరు పనులు.

విభజించినవారి గొప్పతనం అంకెల్లో లేదు, వారు లేవనెత్తిన ప్రశ్నలో ఉంది. కాలాన్ని ముక్కలు చేస్తూ పోతే ఇక తెగని ముక్క ఒకటి వస్తుందా, రాదా? యోగసూత్రాలకు భాష్యం రాసిన వ్యాసుడు వస్తుందనే అన్నాడు. కదిలే పరమాణువు ఒక చోటిని విడిచి పక్క చోటికి చేరడానికి పట్టేదే క్షణమని నిర్వచించి, రెండు క్షణాలు ఎన్నడూ కలిసి ఉండవు కాబట్టి వాటిని పోగు చేసినట్టు కనిపించే ముహూర్తం, పగలు, రాత్రి అన్నీ బుద్ధి అల్లుకున్నవే తప్ప బయట ఉన్న వస్తువులు కావని తేల్చాడు. ఒక్క నాణెమే నిజం, సంచి మాత్రం ఊహ అన్నట్టుగా ఉంటుంది ఈ వాదం.

తొడిమ వీడిన పండు

వర్తమానం అసలు ఉన్నదా అనే వివాదం భారతీయ దర్శనాల్లో ఒక పండుతో మొదలవుతుంది. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో ప్రతివాది లేవనెత్తే ఆక్షేపణ ఇది: తొడిమ వీడి రాలే పండును చూస్తే అది దాటివచ్చిన దారి కొంత, దాటవలసిన దారి కొంత కనిపిస్తాయి, మొదటిదానికి సంబంధించినది గతం, రెండోదానికి సంబంధించినది భవిష్యత్తు, మూడో దారి ఏదీ లేదు కాబట్టి వర్తమానం అనేదే లేదు.

దాదాపు క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన నాగార్జునుడు మూలమధ్యమకకారికల రెండో ప్రకరణంలో ఇదే కత్తిని నడకకు పెట్టాడు. నడిచేసిన దారిలో నడక లేదు, నడవని దారిలో నడక లేదు, ఈ రెండింటినీ తీసేస్తే ‘నడుస్తున్న దారి’ ఎక్కడా దొరకదు అన్నాడు. పంతొమ్మిదో ప్రకరణమైన కాలపరీక్షలో ఆరే ఆరు శ్లోకాలతో మూడు కాలాలనూ చిక్కులో పెట్టాడు. ఎడమ లేనిదే కుడి లేనట్టు, గతం లేనిదే వర్తమానం లేదు. అయితే గతాన్ని ఆధారం చేసుకుని నిలబడాలంటే వర్తమానం గతంలోనే ఉండి తీరాలి, అప్పుడు అది వర్తమానం కాదు. నిలవని కాలం పట్టుకు అందదు, పట్టుకు అందేలా నిలిచే కాలం ఎక్కడా లేదు. కాలం భ్రమ అని ఇంతకంటే తేలికగా చెప్పి ఊరుకున్నవారు చాలామంది ఉన్నారు గానీ, కాలం తన కాళ్ల మీద తాను నిలబడే వస్తువు కాదని, వస్తువుల సంబంధాలను బట్టి మాత్రమే దాని ఉనికి ఉంటుందని ఇంత పకడ్బందీగా వాదించినవారు అరుదు. సంప్రదాయం ఈయనను ముడిపెట్టే శ్రీపర్వతం, అంటే నాగార్జునకొండ లోయ, ఈనాడు కృష్ణా జలాశయం అడుగున ఉంది.

నైయాయికుల, అంటే న్యాయదర్శనం వారి జవాబు రెండు మెట్లుగా సాగుతుంది. వర్తమానమే లేకపోతే దానికి ముందుది గతమనీ, తరువాతిది భవిష్యత్తనీ చెప్పడానికి ఆధారమే పోతుంది. అంతేకాదు, కళ్లెదుట ఉన్నదే ప్రత్యక్షానికి అందుతుంది కాబట్టి వర్తమానం పోతే ప్రత్యక్షం పోతుంది, ప్రత్యక్షం పోతే సర్వజ్ఞానమూ పోతుంది. ఇది మొదటి మెట్టు. రెండో మెట్టు ఇంకా విలువైనది. కాలాన్ని తెలిపేది దారి కాదు, క్రియ అన్నాడు భాష్యకారుడు వాత్స్యాయనుడు. దారిని కొలిస్తే రెండు ముక్కలే దొరుకుతాయి, నిజమే; కానీ ‘పడుతోంది’ అనే క్రియ ఆ దారిలో ఏదో ఒక ముక్క మీద లేదు, పండులో ఉంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణ వంటింటిది. ‘వండుతున్నాడు’ అనే మాట ఏ క్షణానికి చెందుతుంది? కుండను పొయ్యి మీద పెట్టడం, నీళ్లు పోయడం, బియ్యం వేయడం, కట్టెలు ఎగదోయడం, మంట చేయడం, గరిటెతో కలపడం, గంజి వార్చడం, కుండను దించడం, ఇన్ని పనుల వరుస అది. వాటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చూపి ఇదే వంట అనలేము, అయినా మొదటి పని మొదలైనప్పటి నుంచి చివరి పని ముగిసేదాకా ‘వండుతున్నాడు’ అనడం అబద్ధం కాదు. ఒకే ఫలితం కోసం సాగే పనుల గొలుసు ఎంత పొడుగుంటే ఆ వర్తమానం అంత పొడుగు. వంటకు ముప్పావు గంట వర్తమానం, పండు రాలడానికి అర సెకను వర్తమానం! ‘ఇప్పుడు ఎంతసేపు?’ అనే ప్రశ్నకు ‘ఏ పనికి?’ అనే ఎదురు ప్రశ్నే సరైన జవాబని వాత్స్యాయనుడు సూచించినట్టయింది. ఇది పండితుల మాటకారితనంగా తోచవచ్చు గానీ, పదిహేను వందల ఏళ్ల తరువాత ప్రయోగశాలల్లో తేలిన సంగతులు ఈ వైపే మొగ్గుతాయి.

దాటిపోయిన అక్షరం

ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్ అగస్టీన్ క్రీ.శ. 400 ప్రాంతంలో రాసిన ‘కన్ఫెషన్స్’ పదకొండో భాగంలో ఇదే చిక్కును గురులఘువులతో పరీక్షించాడు. లాటిన్ స్తోత్రంలోని దీర్ఘాక్షరం హ్రస్వానికి రెట్టింపు అని చెవికి తెలుస్తుంది. అయితే దీర్ఘం పలికే వేళకు హ్రస్వం వినిపించకుండా పోయింది, దీర్ఘం కూడా ముగిసిన తరువాతే దాని నిడివి తెలుస్తుంది. రెండూ లేనప్పుడు దేనిని దేనితో కొలిచినట్టు? బట్టల దుకాణంలో గజంబద్ద, గుడ్డ రెండూ మాయమయ్యాక కొలత ఒక్కటే మిగిలినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. కొలిచినది శబ్దాలను కాదు, అవి మనసులో వదిలిపోయిన ముద్రలను అని ఆయన తేల్చాడు. గతం అంటే జ్ఞాపకం, భవిష్యత్తు అంటే ఎదురుచూపు, వర్తమానం అంటే ధ్యాస.

సుమారు క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన వాక్యపదీయ కర్త భర్తృహరికి కూడా అక్షరాలు మాయమవడమే సమస్య. ప్రతి అక్షరమూ పలికిన వెంటనే నశిస్తూ ఉంటే పదం మొత్తం ఎప్పుడు వినబడింది? ఒక్కో ధ్వని మనసులో ముద్ర వేస్తూ పోతుందని, చివరి ధ్వనితో పదం ఒక్కసారిగా తెలిసిపోతుందని ఆయన అన్నాడు. కాలాన్ని ఆయన శబ్దబ్రహ్మపు శక్తిగా భావించి, దానికి ఆపడం, అనుమతించడం అనే రెండు పనులు అప్పగించాడు. అన్నీ ఒకేసారి జరిగిపోకుండా కొన్నింటిని ఆపి, వంతు వచ్చినవాటిని వదిలేదే కాలం. తోలుబొమ్మల వెనుక దారాలు లాగేవాడు ఏ బొమ్మను ఎప్పుడు తెర మీదికి వదలాలో నిర్ణయించినట్టు.

అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో ‘మనస్తత్వశాస్త్ర సూత్రాలు’ ప్రచురిస్తూ, మనిషి అనుభవించే వర్తమానం కత్తి అంచు కాదని, గుర్రం మీది జీనులా కొంత వెడల్పు ఉన్నదని, అందులో కూర్చుని ముందుకూ వెనుకకూ చూడవచ్చునని వివరించాడు. అటువంటి నిడివిగల వర్తమానం లేకపోతే రాగం ఎవరికీ వినబడేది కాదు, విడివిడి స్వరాలే వినబడేవి.

మెదడు కట్టే క్షణం

చెరువు అవతలి గట్టున ఎవరో బండ మీద బట్ట బాదుతూ ఉంటే ఇవతలి గట్టున నిలుచున్నవారికి దెబ్బ ముందు కనిపించి, చప్పుడు ఆ తరువాత వినిపిస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోగలదు కాబట్టి 170 మీటర్ల వెడల్పు చెరువుకు అర సెకను ఆలస్యం తప్పదు. అదే బండ నాలుగు గజాల దూరంలో ఉంటే చూపూ చప్పుడూ ఒక్కసారే అనిపిస్తాయి. నిజానికి అక్కడా కొంత ఆలస్యం ఉంది, మెదడు దానిని సర్దేస్తుంది.

శరీరం లోపల కూడా ఇదే సర్దుబాటు జరుగుతూ ఉంటుంది. ఒక చేత్తో ముక్కును, రెండో చేత్తో కాలిబొటనవేలిని ఒకేసారి తాకితే రెండు స్పర్శలూ ఒకేసారి తెలిసినట్టే ఉంటాయి. స్పర్శను మోసే నాడుల్లో సంకేతం సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, బొటనవేలి కబురు మెదడుకు చేరేసరికి సుమారు 30 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు ముప్ఫై పడతాయి. ముక్కు కబురు అంతకు ఎంతో ముందే చేరుతుంది. దూరపు చుట్టాలు దిగేదాకా ముహూర్తం ఆపినట్టు, ముందు వచ్చిన కబురును ఆపి వెనుక వచ్చినదానితో కలిపి ‘ఇప్పుడు’ అని ప్రకటించేది మెదడే అనుకోవాలి.

చెవి రెండు టకటకలను రెండుగా గుర్తించడానికి వాటి మధ్య రెండు మూడు మిల్లీసెకన్ల ఎడం చాలు, కంటికి మాత్రం దానికి ఎన్నో రెట్లు కావాలి. రెండింటిలో ఏది ముందో చెప్పాలంటే చెవికైనా కంటికైనా సుమారు 20 నుంచి 40 మిల్లీసెకన్ల ఎడం అవసరం. అంటే రెండు శబ్దాలు ఉన్నాయని తెలిసి కూడా ఏది ముందో తెలియని ఒక సన్నని సందు ఉంది. అక్కడ ‘రెండు’ ఉన్నాయి గానీ ‘ముందు వెనుకలు’ లేవు. 1912లో జర్మన్ మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ పక్కపక్కనే రెండు గీతలను సుమారు 60 మిల్లీసెకన్ల ఎడంతో వెలిగించి చూపితే, చూసినవారికి ఒకే గీత ఒక చోటి నుంచి మరో చోటికి జరిగినట్టు కనిపించింది. సినిమా హాలులో సెకనుకు 24 నిశ్చల చిత్రాలు కదిలే కథానాయకుడిగా మారడానికి ఇటువంటి సర్దుబాటే ఆధారం. చిత్రమేమిటంటే రెండో గీత వెలిగితే తప్ప కదలిక ఎటువైపో మెదడుకు తెలిసే వీలు లేదు, అయినా కదలిక రెండో గీతకు ముందే కనిపించినట్టు తోస్తుంది. కథ పూర్తిగా విన్న తరువాత మొదటి వాక్యాన్ని దిద్ది రాసే రచయిత లాంటిది మెదడు.

మాటలోను, పాటలోను ఒక ముక్కగా పట్టుబడే నిడివి సుమారు మూడు సెకన్లని జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ పొప్పెల్ ప్రతిపాదించాడు. ఆ అంకె అందరికీ అంగీకారం కాలేదు. కాకపోయినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే ఈ ప్రయోగాలన్నీ కలిపి చూపుతున్నది ఒకే వర్తమానాన్ని కాదు, పనిని బట్టి పొడుగు మారే అనేక వర్తమానాలను. చెవి చేసే పనికి ఒకటి, కన్ను చేసే పనికి ఒకటి, వాక్యం అర్థం చేసుకునే పనికి మరొకటి. వాత్స్యాయనుడి వంటింటికి ఇది ఎంతో దూరం కాదు.

ఊరికొక ‘ఇప్పుడు’

ఇంతవరకు జరిగిన చర్చ మనసులోని వర్తమానం గురించి. మనసుతో పని లేకుండా విశ్వమంతటికీ ఒకే ‘ఇప్పుడు’ ఉన్నదని, అది ఒకే లయతో సాగుతున్నదని న్యూటన్ నమ్మాడు. వైశేషిక దర్శనం వారు కూడా కాలం ఒకటే, నిత్యం, సర్వవ్యాపి అని చెప్పి తొమ్మిది ద్రవ్యాలలో దానికి చోటిచ్చారు. 1905లో ఐన్‌స్టీన్ ఈ నమ్మకాన్ని కూలదోశాడు. దూరాన ఉన్న రెండు సంఘటనలు ఒకేసారి జరిగాయా అనే ప్రశ్నకు వేర్వేరు వేగాలతో కదిలేవారికి వేర్వేరు జవాబులు వస్తాయని, అందరూ సరైనవారేనని ఆయన సాపేక్షతా సిద్ధాంతం చూపింది. రోజువారీ దూరాల్లో ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ విషయంలో వీధిలో నిలుచున్న వ్యక్తి ‘ఇప్పుడు’కూ, అతడి పక్కనుంచి ఆ గెలాక్సీ దిశగా గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచిపోయే వ్యక్తి ‘ఇప్పుడు’కూ నాలుగు రోజుల పైగా తేడా వస్తుంది.

ఏది గతమో ఏది భవిష్యత్తో అందరికీ ఒకటి కానప్పుడు, మూడు కాలాల సంఘటనలూ సమానంగా ఉన్నవే అనుకోవాలని కొందరు తత్త్వవేత్తలు వాదిస్తారు. విచిత్రంగా, దాదాపు ఇదే మాట అన్నందుకే బౌద్ధంలో ఒక శాఖకు సర్వాస్తివాదులు, అంటే ‘అన్నీ ఉన్నాయి’ అనేవారు, అని పేరు వచ్చింది. అన్నీ ఉంటే తేడా దేనివల్ల అని అడిగినవారికి ఆ శాఖ ఆచార్యుడు వసుమిత్రుడు లెక్కల గుళికతో జవాబిచ్చాడు. ఒకట్ల స్థానంలో పెడితే ఒకటి, వందల స్థానంలో పెడితే వంద అనిపించుకునే గుళిక ఎక్కడ పెట్టినా అదే గుళిక. వస్తువూ అంతే, పని చేస్తున్నప్పుడు వర్తమానం, చేసి మానాక గతం, చేయకముందు భవిష్యత్తు. ఐన్‌స్టీన్ చెప్పినదీ ఇదీ ఒకటేనని అనడం తప్పు. ఒకటి కాంతి వేగం నుంచి పుట్టింది, రెండోది కర్మఫలం నశించకుండా ఎలా నిలుస్తుందనే చింత నుంచి పుట్టింది. పోలిక ఇల్లు చేరిన దారుల్లో లేదు, చేరిన వాకిట్లో ఉంది.

శ్వాస లెక్క

సాధకులకు ఈ వాదాలన్నీ ఒక ఎత్తు, ఆ క్షణంలో నిలవడం ఒక ఎత్తు. సూఫీలు సాధకుడిని ‘క్షణపుత్రుడు’ అన్నారు; ఏ వేళకు ఏది తగునో ఆ వేళకు దానిలోనే ఉండేవాడు, నిన్నటిని మోయనివాడు, రేపటిని పిలవనివాడు అని 11వ శతాబ్దికి చెందిన అల్ ఖుషైరీ ఆ పదాన్ని వివరించాడు. సృష్టి ప్రతి క్షణం కొత్తగా జరుగుతుందని, అతుకు కనిపించకపోవడం వల్లే లోకం నిలకడగా తోస్తుందని ఇబ్న్ అరబీ చెప్పాడు. జపాన్‌లో జెన్ గురువు డోగెన్ 1240లో రాసిన ‘ఉజి’లో ఉండటానికీ కాలానికీ నడుమ గీత చెరిపేసి, వస్తువు కాలంలో ఉండదు, వస్తువే కాలం అన్నాడు.

తెలుగు నేలతో ముడిపడిన కాలచక్ర తంత్రం ఈ చింతనను శరీరంలోకి దించింది. బుద్ధుడు దానిని ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో బోధించాడని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది, 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇవ్వడానికి కారణమూ అదే. గ్రంథం దొరికేది సుమారు 11వ శతాబ్ది నుంచే కాబట్టి చరిత్రకారులు ఆ నమ్మకాన్ని నమ్మకంగానే చూస్తారు. ఆ తంత్రంలో బయటి కాలచక్రం గ్రహాలది, లోపలి కాలచక్రం శ్వాసది. రోజుకు 21,600 శ్వాసలు. హఠయోగంలోనూ ఇదే అంకె. ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో విఘడియకు ఆరు ‘ప్రాణాలు’ అనే కొలత నుంచి వచ్చేదీ ఇదే అంకె. వృత్తంలో 360 భాగలు, భాగకు 60 కళలు కాబట్టి వృత్తానికి కళలు కూడా 21,600. ఒక శ్వాస తీసి వదిలేలోపు ఆకాశం ఒక కళ మేర తిరుగుతుందని ఖగోళవేత్తలు లెక్క కట్టారు.

ఈ లెక్కలో శ్వాసకు నాలుగు సెకన్లు, నిమిషానికి పదిహేను శ్వాసలు. ఆరోగ్యవంతులైన పెద్దలు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారని వైద్యులు చెబుతారు. లవం, క్షణం సరిచూసుకునే వీలు ఎవరికీ లేదు గానీ, ఈ ఒక్క కొలతను మాత్రం పాఠకులు గడియారం ముందు పెట్టుకుని ఒక్క నిమిషంలో సరిచూసుకోవచ్చు. అయితే లెక్క తామే పెట్టుకోకుండా పక్కవారిచేత పెట్టించుకోవాలి, ఎందుకంటే గమనించడం మొదలుపెట్టగానే శ్వాస నెమ్మదిస్తుంది.